రెండు బకెట్లు, నాలుగు చక్రాలు

మా పెద్దోడు కారు కొన్నాడు. మా వంశంలో నాలుగు చక్రాల బండి ఇదే మొదటిది. ఎద్దుల బండి ఉండేది కదా అంటారేమో, దానికి కూడా రెండే చక్రాలు. మా నాయన చెనిక్కాయల మిల్లులో మూటలు మోసినాడు. నేను అదే మిల్లులో ఎక్స్‌పెల్లర్ల దగ్గర ఫిట్టరుగా 26 ఏండ్లు చేసినాను. కాబట్టి ఆ కారు మా వాకిట్లో నిలబడిన రోజు వీధిలో సగం మంది వచ్చి తట్టి చూసిపోయినారు. షోకు కోసం కొన్న బండి కాదది. పసుపు బోర్డు, ఐదేండ్ల కంతులు. వాడు బాడుగకు తోలి నెలనెలా ఆ కంతు కట్టాల. బాడుగకు వచ్చేవాళ్ళు మొదట చూసేది బండి మొకమే. అది మాసిపోయి ఉంటే పక్క బండి ఎక్కుతారు.

తెల్లది తీసుకోరా అంటే వినకుండా ముదురు నీలం తీసుకున్నాడు. ముదురు రంగు బండికి ఒక గుణం ఉంది, కడిగిన పూట పెండ్లికొడుకు మాదిరి ఉంటుంది, మర్నాడు దాని మీద మనం చేసిన తప్పులన్నీ కనిపిస్తాయి.

ఆ తప్పులు చేసినవాణ్ణి నేనే. పొద్దున్నే లేచి పాత బనియను గుడ్డతో బానెట్టు మీది దుమ్మును పొడిగా తుడిచేవాణ్ణి, మిల్లులో మోటారు తుడిచినట్టు. వారం కాకముందే ఎండలో నిలబెట్టి చూస్తే సూర్యుడి బింబం చుట్టూ సాలెగూడు మాదిరి సన్నని గీతలు. ఆదివారం మధ్యాహ్నం బోరు పైపు పెట్టి బాగా కడిగి ఎండకు ఆరనిచ్చినాను. ఆరినాక చూస్తే మశూచి పోసినట్టు ఒళ్ళంతా తెల్ల చుక్కలు. గుడ్డతో రుద్దినా పోలేదు. పెద్దోడు ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

బండి కొన్నచోట అడిగితే ఏదో పూత పూయించుకోండి, 22,000 అవుతుందన్నారు. నేను మిల్లులో నెలంతా చేస్తే వచ్చేదానికి అది దాదాపు రెండింతలు. అప్పుడు మొదలుపెట్టినాను నేర్చుకోవడం. మన మిల్లు ఇండ్లలో ఈ మధ్య ఇంటికొక బండి కాకపోయినా వీధికి రెండు మూడు కార్లు వస్తున్నాయి, అన్నీ అప్పు బండ్లే. నా మాదిరి ఇంకొకరు చెడగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

మొదట ఆ రంగు సంగతి. మనకు తూర్పున, రొద్దం మీదుగా పోతే వచ్చే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అది. అక్కడైనా ఇంకెక్కడైనా కారుకు రంగు వేసే పద్ధతి ఇంచుమించు ఒకటే. ఇనుప రేకును మొదట తొట్టిలో ముంచి కరెంటు సాయంతో తుప్పు పట్టని పూత పట్టిస్తారు. దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికంటే పైన గాజులాగా మెరిసే, రంగు లేని వార్నిష్ పూత. పెద్ద ఓవెన్లలో కాల్చి గట్టిపరుస్తారు. ఇన్ని పూతలూ కలిపితే 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపు. పైన ఉండే వార్నిష్ పూత 40, 50 మైక్రాన్లే, అంటే వెంట్రుక కంటే పల్చన. నిగనిగంతా దానిదే, నేను బనియను గుడ్డతో గీకిందీ దాన్నే.

గుడ్డ మెత్తగానే ఉంది కదా అనుకున్నాను. గీకింది గుడ్డ కాదు, దాని కింద చిక్కుకున్న దుమ్ము. మన కోట గుట్ట చూడండి, చుట్టూ ఉన్న గుట్టలు చూడండి, అంతా గ్రానైటు. ఆ రాతి పొడి మన దుమ్ములో కలిసి ఉంటుంది. అందులో ఉండే పలుగురాయి పలుకు గాజును కూడా గీస్తుంది. అందుకని పొడి గుడ్డ, చీపురు, ఈకల కుంచె, ఏదీ దుమ్ము పట్టిన బండి మీద పెట్టకండి. మిల్లు గేటు దగ్గర నిలబెట్టిన బండి మీద చెనిక్కాయ పొట్టు కూడా పడుతుంది. అది ఊదితే పోతుంది. దాని కింద ఉన్న మట్టి పోదు.

ఇక నీళ్ళు. పావగడ నీళ్ళ కథ మీకు నేను చెప్పాల్సిన పని లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు దాటితే తాగడానికి పనికిరావంటారు, ఆ గీత దాటిన బోర్లు మన తాలూకాలో ఎన్నో. పెద్దోళ్ళ మోకాళ్ళు, పిల్లల పండ్ల మీద గార చూసినవాళ్ళం. కారు మీది తెల్ల చుక్కలు చూసి నేను అది కూడా ఫ్లోరైడే అనుకున్నాను. కాదంట. బోరు నీళ్ళలో కరిగి ఉండే సున్నం, మెగ్నీషియం ఉప్పులు అవి. అన్నం గిన్నె అడుగున, నీళ్ళు కాచే హండాలో తెల్లగా పేరుకునేది అదే. నీటి చుక్క ఎండకు ఆవిరైతే నీళ్ళు పోతాయి, ఉప్పు మిగులుతుంది. కాలిన రేకు మీద అయితే అది వార్నిష్‌లోకి తినుకుంటూ పోయి గుంట చేస్తుంది, ఆ తర్వాత ఎంత రుద్దినా రాదు.

ఈ సంగతి నాకు చెప్పింది ఏ మెకానిక్కూ కాదు, మా మేనకోడలు. తిరుమణి పక్క సోలారు పార్కులో ప్యానెళ్ళు తుడిచే పనికి పోతుంది. తిరుమణి, బాలసముద్రం, వళ్ళూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు, ఈ ఐదు ఊళ్ళ భూముల్లో 13,000 ఎకరాల దరిదాపు పరిచిన అద్దాలవి. 2,050 మెగావాట్లు. వాళ్ళది కూడా నాలుగెకరాలు అందులో గుత్తకు పోయింది. దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది కాబట్టి తుడవడం అక్కడ పెద్ద పని. నా బండి చూసి పకపకా నవ్వింది.

"మామా, ఎండలో ఉప్పునీళ్ళు పోసినావా? మేమట్ల చేస్తే మేస్త్రీ ఆ పూటకే ఇంటికి పంపుతాడు. తెల్లారక ముందే తుడవాల, నీళ్ళు ఆరకముందే లాగేయాల."

నేను 26 ఏండ్లు యంత్రాల మధ్య బతికినోణ్ణి. ఆ పిల్ల రెండు మాటల్లో నాకు పాఠం చెప్పింది. చుక్కలు పోగొట్టే ఉపాయం కూడా తానే చెప్పింది. తెల్ల వెనిగరు ఒక పాలు, మంచి నీళ్ళు ఒక పాలు కలిపి, బండి చల్లగా నీడలో ఉన్నప్పుడు గుడ్డ తడిపి చుక్కల మీద ఒక నిమిషం ఉంచి తుడిచి, వెంటనే నీళ్ళతో కడిగేయాల. రెండో సారికి చాలా మటుకు పోయినాయి. బానెట్టు నడుమ ఒక పదీ పదిహేను మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. అవి నా గుర్తులు.

పైపు పెట్టి కడిగే అలవాటు కూడా ఆ వారమే పోయింది, దానికి కారణం వేరే. నేను నీళ్ళు చిమ్ముతుంటే పక్కింటి అక్క రెండు బిందెలతో ఫిల్టర్ నీళ్ళ ప్లాంటు నుంచి వస్తా ఉండె. ఆగి చూసి, "ఏమప్పా, మీ కారు తానానికి పోసింది మాకు పోసుంటే వారం తాగుదుము" అనింది. నవ్వుతానే అనింది. ఆమె పోయినాక పైపు కింద 15 లీటర్ల బకెట్ పెట్టి చూసినాను, నిమిషానికి నిండింది. నేను కడిగింది 20 నిమిషాలు. 300 లీటర్లు. బిందెల్లో లెక్క వేసుకుంటే 20 బిందెలు. బెంగళూరులో 2024 మార్చిలో తాగే నీళ్ళతో కార్లు కడిగితే 5,000 జరిమానా అని జల మండలి ఆజ్ఞ వేసింది. అది మహానగరం, కరువు వస్తే పేపర్లో పడుతుంది. మనకు కరువు వార్త కాదు, కాబట్టి జరిమానా వేసేవాడు లేడు, పక్కింటి అక్క మాటే జరిమానా. తుంగభద్ర నీళ్ళను అంత దూరం నుంచి మన తాలూకాకు తెస్తున్నది టైర్లు కడగడానికి కాదు కదా.

ఇప్పుడు నేను మూడు బకెట్లలోపు ముగిస్తున్నాను. అందులో ఒకటి చక్రాలకే. పొద్దున ఆరు గంటలకు, గోడ నీడ ఉన్న వైపు నిలబెట్టి మొదలుపెడతాను. పొలానికి మందు కొట్టే స్ప్రేయరు ఉంటుంది కదా, దాన్ని ఒకటి కొత్తది కొన్నాము. మందు కొట్టిన పాతది పనికిరాదు, కలుపు మందు వాసన కూడా తగలకూడదు. దాంతో ఐదారు లీటర్లతో బండి అంతా సన్నగా తడిపి రెండు మూడు నిమిషాలు వదిలేస్తే దుమ్ము నాని జారిపోతుంది. ఈ ఒక్క పని చేస్తే సగం గీతలు పడవు.

ఆ తర్వాత రెండు బకెట్లు. ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీళ్ళు, సీసా మీద రాసినంతే. రెండోదానిలో ఉత్త నీళ్ళు. మైక్రోఫైబర్ తొడుగును షాంపూ నీళ్ళలో ముంచి పైకప్పుతో మొదలుపెట్టి కిందికి రావాల. ఒక రేకు అయినాక తొడుగును ఉత్త నీళ్ళ బకెట్లో జాడించి, మట్టి అక్కడ వదిలి, మళ్ళీ షాంపూలో ముంచాల. చెయ్యి గుండ్రంగా తిప్పకుండా పొడవుకు లాగాల. తలుపుల కింద భాగం, వెనక బంపరు చివర్లో, ఎందుకంటే మట్టంతా అక్కడే. తొడుగు కింద పడిందా, ఇక ఆ పూటకు దాన్ని పక్కన పెట్టాల. ఇది చెప్తే మా చిన్నోడు నవ్వుతాడు. గచ్చు మీద పడిన తొడుగులో ఎంత ఇసక ఉంటుందో వాడికి చెప్పినా తలకెక్కలేదు.

అంట్లు తోమే సబ్బు, బట్టల పొడి వద్దు. అవి జిడ్డును తీసేటివి, బండి మీద మైనం ఉంటే దాన్ని కూడా తీసేస్తాయి, బట్టల పొడి క్షారం ఇంకా ఎక్కువ. ఒక్కసారికి ఏమీ కాదు. వారం వారం చేస్తే ఏడాదికి రంగు పాలిపోతుంది.

ఆఖర్లో ఆరబెట్టడం. కడగడం కంటే మన ఊరిలో ఇదే పెద్ద పని. నీళ్ళు తమంతట తాము ఆరకూడదు. దట్టమైన మైక్రోఫైబర్ తువాలు ఒకటి పరిచి మెల్లగా లాగితే నీళ్ళు పీల్చుకుంటుంది, రుద్దాల్సిన పని లేదు. అద్దాల అంచులు, తలుపు పిడుల లోపల, నంబరు ప్లేటు వెనక దాక్కున్న నీళ్ళు తర్వాత కారి మరక చేస్తాయి, వాటిని గుడ్డ మడిచి తీయాల. వాన నీళ్ళు పట్టుకోగలిగిన ఇండ్లవాళ్ళు ఒక డ్రమ్ము దాచుకుంటే ఆఖరు జాడింపుకు అంతకంటే మంచివి లేవు, వాటిలో సున్నం ఉండదు. ఏసీ ఉన్న ఆఫీసుల పైపు నుంచి కారే నీళ్ళు కూడా అంతే.

ఇక్కడ ఒక మోసం ఉంది, చాలామంది పడతారు. ఫిల్టర్ ప్లాంటు నుంచి బయటికి పోయే నీళ్ళు ఊరికే వస్తాయని బండ్లు కడగడానికి పట్టుకుపోతారు. ప్లాంటు చేసేది ఏమిటి? మంచి నీళ్ళను ఒక పక్కకు తీసి, ఉప్పంతా మిగిలిన నీళ్ళలోకి తోస్తుంది. అంటే ఆ బయటి నీళ్ళలో బోరు నీళ్ళ కంటే ఎక్కువ ఉప్పు. రేకు మీద పోస్తే నాకు వచ్చిన చుక్కలకు రెండింతలు వస్తాయి. చక్రాల గూళ్ళలో అతుక్కున్న బురద కొట్టడానికి వాడుకోవచ్చు, అది కూడా తర్వాత మామూలు నీళ్ళతో ఒకసారి జాడించి.

పూజ సంగతి చెప్పకపోతే ఇది పావగడ రాత కాదు. కొత్త బండి కొన్నవాళ్ళు మన ఊరివాళ్ళే కాదు, ఆంధ్రా పక్క నుంచి కూడా శనిమహాత్ముని గుడికి తెస్తారు. మేమూ శనివారం తీసుకుపోయినాము. పూజ వద్దని నేనెందుకు అంటాను? ఎట్ల చేయించుకోవాలో చెప్తాను. కర్పూరం బానెట్టు మీద వెలిగించనివ్వకండి. పళ్ళెంలో వెలిగించి హారతి ఇస్తే దేవుడు కాదనడు, రేకు మీద వెలిగిస్తే వార్నిష్ కాలి మచ్చ పడుతుంది, అది మళ్ళీ రంగు వేయిస్తే తప్ప పోదు. పసుపు, కుంకుమ, గంధం బొట్లు ఆ సాయంత్రానికే తడి గుడ్డతో తీసేయండి. పసుపు మరక ఎట్లాంటిదో ఇంట్లో ఆడవాళ్ళను అడగండి. పూల దండకు కట్టిన ఇనుప తీగ చివర లోపలికి మడవండి, గాలికి ఊగి అది గీకుతుంది. దీపాల దగ్గర నువ్వుల నూనె చేతికి అంటుకొని ఉంటుంది, ఆ చేత్తో స్టీరింగ్ పట్టుకుంటే జారుతుంది. చక్రాల కింద నిమ్మకాయలతో ఏమీ కాదు, రసం టైరు మీద పడినా నీళ్ళు పోస్తే పోతుంది. గుమ్మడికాయ పగలగొట్టిన ముక్కలు మాత్రం కింద చక్రాల గూళ్ళలో చిక్కుకుంటాయి, మూడో రోజుకు వాసన.

చెట్టు నీడ కూడా చూసుకోవాల. కానుగ చెట్టు కింద నిలబెడితే పైనుంచి జిగట కారుతుంది. పక్షి రెట్ట పడితే గోటితో గీకకుండా తడి గుడ్డ ఐదు నిమిషాలు వేసి ఉంచి తీయండి.

మైనం పాలిష్ గురించి ఒక్క మాట. కొత్త బండికి ఆరు నెలల దాకా మైనం పెట్టకూడదని మా మిల్లు దగ్గర అందరూ అంటారు. ఫ్యాక్టరీలో కాల్చిన రంగుకు ఆ భయం లేదు. గుద్దుకొని షెడ్డులో మళ్ళీ రంగు వేయించిన రేకుకు మాత్రం నెల రోజులు ఆగాల. కార్నుబా అని బ్రెజిల్‌లో ఒక జాతి తాటి ఆకు నుంచి తీసే మైనం వస్తుంది. డబ్బా 500 పెట్టి కొన్నాను, ఏడాదికి ఎక్కువే. పల్చగా, నిజంగా పల్చగా, వేలికి తగిలిందా లేదా అన్నట్టు పూసి, పొగ పట్టినట్టు ఆరినాక ఇంకో గుడ్డతో తుడిచేయాల. మన ఎండకు రెండు మూడు నెలలు నిలుస్తుంది. ఆ 22,000 పూత మంచిదే అయి ఉండొచ్చు, దాన్ని నేను తప్పు పట్టను. కానీ పూత వేయించినా ఉప్పునీళ్ళు ఎండలో ఆరితే చుక్కలు దాని మీద కూడా పడతాయి.

ఇక చక్రాలు. నన్నడిగితే పైకప్పు కంటే, బానెట్టు కంటే ఇక్కడే ఎక్కువ సేపు కూర్చోవాల. స్టూలు వేసుకొని కూర్చోండి, వంగితే నడుము పట్టుకుంటుంది.

ముందు చక్రాల మీద నల్లటి పొడి పట్టి ఉంటుంది, వెనక చక్రాల మీద తక్కువ. బ్రేకు వేస్తే బండి బరువు ముందుకు తూలుతుంది, కాబట్టి ముందు బ్రేకులకే ఎక్కువ పని. ముందు ఉండేది డిస్కు. బ్రేకు ప్యాడు పోత ఇనుప డిస్కును పట్టుకున్నప్పుడు రెండూ అరిగి పొడి రాలుతుంది. చిన్న కార్లకు వెనక డ్రమ్ము ఉంటుంది, పొడి దాని లోపలే ఉండిపోతుంది. ఆ నల్ల పొడిలో ఇనుము ఉంది, వేడిగా వచ్చి చక్రానికి అతుక్కుంటుంది, తడి తగిలితే తుప్పు పట్టి గోధుమ రంగు చుక్కలవుతుంది. నెలల తరబడి వదిలేస్తే అల్లాయ్ చక్రం పూతలో దిగబడిపోతుంది. వారానికి ఒకసారి మామూలు షాంపూ నీళ్ళు చాలు. వదిలేసిన చక్రానికే మందులు కావాల. ఇనుము మరకలు తీసే ద్రవం ఒకటి అమ్ముతారు, చల్లితే ఇనుము ఉన్నచోట ఊదా రంగుకు తిరిగి కారుతుంది. చూడ్డానికి చక్రం నెత్తురు కక్కినట్టు ఉంటుంది, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. భయపడకండి, ఆరనివ్వకుండా కడిగేయండి.

కక్కసు కడిగే యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. మా మిల్లులో బాయిలరు దగ్గర చేసే స్నేహితుడు పాత కారు కొని, చక్రాలు తెల్లగా కావాలని అదే పోసి రుద్దినాడు. ఐదు నిమిషాలు మిలమిలా మెరిసినాయి. పది రోజులకు పూత పొక్కులు లేచి, లోపల అల్యూమినియం బూడిద రంగుకు తిరిగింది. మార్కెట్టులో నాలుగు చక్రాల రేటు అడిగి వచ్చి, ఇనుప చక్రాలు వేసుకున్నాడు. ఇనుప చక్రాలకు ప్లాస్టిక్ మూతలుంటాయి, నెలకొకసారి వాటిని ఊడదీసి వెనక పేరుకున్న మట్టి తీయాల, లేకపోతే తుప్పు లోపలే తింటుంది.

చక్రం చల్లగా ఉండాల, ఇది మరచిపోవద్దు. బాడుగ నుంచి వచ్చిన వెంటనే డిస్కు కాలిన పెనంలా ఉంటుంది. చన్నీళ్ళు కొడితే అది వంకర తిరగొచ్చు, ఆ తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. అరగంట ఆగండి. చక్రాలకు వేరే బకెట్, వేరే గుడ్డ, వేరే కుంచె. రేకు తుడిచిన గుడ్డ చక్రానికి రావచ్చు గానీ చక్రం తుడిచిన గుడ్డ రేకు మీదికి పోకూడదు, ఇనుప పొడి అంతా అందులోనే. గోడకు రంగు వేసే రెండంగుళాల కుంచె బోల్టుల సందులకు సరిగ్గా సరిపోతుంది, దాని ఇనుప పట్టీ చుట్టూ టేపు చుట్టుకోండి. ఒక్కో చక్రం ముగించి ఆరబెట్టినాకే ఇంకోదానికి పోవాల. బండి కడిగిన మరుసటి రోజు డిస్కు మీద ఎర్రటి తుప్పు కనిపిస్తే కంగారు వద్దు, కడిగిన వెంటనే వీధి చివర దాకా పోయి రెండు మూడుసార్లు మెల్లగా బ్రేకు వేసి వస్తే నీళ్ళు ఆరి అది పట్టదు.

టైర్లకు డీజిలు, కిరోసిను, నూనె పూసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. మిల్లులో గసి నూనె ఊరికే దొరుకుతుంది కదా, నేనూ మా మేస్త్రీ బైకు టైర్లకు పూసినవాణ్ణే. డీజిలు, కిరోసిను రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. నూనె పూస్తే మన దుమ్మంతా వచ్చి దానికే అతుక్కుంటుంది. నల్లగా కనబడాలంటే నీళ్ళలో కలిసే టైరు పాలిష్ గోడల వరకే పూయండి, నేలను పట్టే భాగానికి తగలనివ్వకండి. సర్వీసు చేయిస్తే కింద డీజిలు కొడతామంటారు, అది కూడా వద్దనండి, కింద రబ్బరు బుష్‌లు చాలా ఉంటాయి.

నేను ఇదంతా ఎందుకు ఇంత పట్టుపట్టి రాస్తున్నానో ఇప్పుడు చెప్తాను.

బండి వచ్చిన నాలుగో నెలలో పెద్దోడికి తిరుపతి బాడుగ దొరికింది. ఒక ఇంటివాళ్ళు, అందులో చంటిబిడ్డ. రాత్రి పది గంటలకు బయలుదేరాల. సాయంత్రం నేను స్టూలు వేసుకొని చక్రాలు కడుగుతున్నాను. బయటి పక్క అయినాక చెయ్యి లోపలికి పెట్టి టైరు లోపలి గోడను గుడ్డతో తుడవడం నా అలవాటు, ఎవరికీ కనపడని చోటే అయినా. మిల్లులో బేరింగు వేడెక్కిందా అని చేత్తో పట్టి చూసే అలవాటు కాబోలు. ఎడమ ముందు టైరుకు లోపలి పక్క చేతికి బుడిపె తగిలింది, కోడిగుడ్డులో సగం అంత. టార్చి వేసి చూస్తే రబ్బరు ఉబ్బి ఉంది.

"కొత్త టైరే కదా నాయినా, ఏమవుతుంది" అన్నాడు వాడు. వారం కిందట ఒక గుంతలో బండి దబ్బున పడిందని తర్వాత ఒప్పుకున్నాడు. అట్లా పడినప్పుడు టైరు గోడ లోపల ఉండే దారాలు చక్రం అంచుకూ రాయికీ నడుమ నలిగి తెగుతాయి. దారాలు తెగిన చోట గాలి ఉత్త రబ్బరును బయటికి తోస్తుంది, అదే ఆ బుడిపె. దానికి పంచరు వేయడం ఉండదు. ఎప్పుడు పగులుతుందో చెప్పలేము, రాత్రి నిండు బండితో వేగంగా పోతున్నప్పుడు వేడెక్కి పగిలే అవకాశమే ఎక్కువ. బయటి నుంచి ఎంత చూసినా ఆ టైరులో ఏ లోపమూ కనిపించదు.

తొమ్మిదికి స్టెప్నీ బిగించినాము. బోల్టులు ఎదురెదురుగా బిగించినామా లేదా అని నేను రెండుసార్లు చూసినాను, వాడు విసుక్కున్నాడు. పదికి వాళ్ళ ఇంటి ముందుకు పోయినాడు. కొత్త టైరుకు తర్వాత 5,000 దాకా అయింది, ఆ నెల కంతు నాలుగు రోజులు ఆలస్యమై జరిమానా కూడా కట్టినాము. చంటిబిడ్డ తల్లికి ఈ సంగతి తెలియదు, వాడు చెప్పలేదు.

ఇప్పుడు ఆదివారాలు వాడే స్టూలు వేసుకుంటున్నాడు. నేను కుర్చీలో కూర్చొని చూస్తాను. బయటి పక్క తుడిచినంత సేపు పాటలు పెట్టుకుంటాడు, చెయ్యి లోపలికి పెట్టినప్పుడు మాత్రం పాట ఆపుతాడు. పోయిన ఆదివారం వెనక టైరు పళ్ళ సందులో దిగిన మేకు ఒకటి తీసి నా చేతిలో పెట్టినాడు. అది మిల్లు పెట్టెలకు కొట్టే మేకే.